ట్రఫుల్ వర్ధనములు: ఒక వంశమును చూచి జాతిని నిర్ణయింపవచ్చునా?

మామిడితోటను బేరమాడ వచ్చిన వర్తకుడు ఒక్క చెట్టు కాయను కోసి, రుచి చూచి, తోట కంతకును ధర కట్టడు. ఆ చెట్టు బంగినపల్లి కావచ్చును. దాని ప్రక్కనున్నది టెంకనుండి మొలచిన నాటు పీచుమామిడి కావచ్చును. వృక్షశాస్త్రజ్ఞుడు రెండింటిని ఒకే జాతిలో చేర్చును. తినువాడు మాత్రము చేర్చడు. జాతి యొకటియైనను దానిలోని వంశములు వేరువేరు గుణములు కలిగియుండునని పల్లెలోని పిల్లవానికి సైతము తెలియును.

ఇంత సామాన్యమైన విషయమును శాస్త్రజ్ఞులు మరతురా? మరచిన సందర్భములు కలవు. యూరపు ఖండమున మిక్కిలి వెలగల ఆహార శిలీంధ్రమైన ట్రఫుల్‌ను గూర్చి 1903 మొదలుకొని వెలువడిన పరిశోధనలను వరుసగా చదివినచో, ఒక్క కాయను చూచి తోటను నిర్ణయించుట ఒకటికంటె ఎక్కువ పర్యాయములు జరిగినట్లు కనబడును. ఆ పొరపాట్లు చేసినవారు అసమర్థులు కారు. వారిలో గొప్ప పరిశోధకులు కలరు. కావుననే వారి పద్ధతిని పరీక్షించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఉపయోగకరము. ఇది కేవలము పాండిత్యమునకు సంబంధించిన చర్చ కాదు. ట్రఫుల్ తోట నాటిన రైతు మొదటి పంటకై సాధారణముగా 5 మొదలు 10 సంవత్సరములు వేచియుండవలెను. ప్రయోగశాలలోని తొందరపాటు నిర్ణయము అతని పొలములో పది సంవత్సరముల నష్టముగా మారవచ్చును.

భూమిలో పెరుగు శిలీంధ్రము

ట్రఫుల్ అనునది మన పుట్టగొడుగువలె నేలపైకి గొడుగు విప్పదు. అది నేలలోపలనే బంగాళాదుంపవలె గుండ్రముగా పెరుగును. దాని వాసన మిక్కిలి తీవ్రము. ఆ వాసనను పసిగట్టి పందులు, అడవి జంతువులు దానిని త్రవ్వి తినును. ఆ విధముగా దాని సిద్ధబీజములు ఒక చోటినుండి మరియొక చోటికి చేరును. ట్రఫుల్‌లను వెదకుటకు పూర్వము పందులను వాడెడివారు. నేడు ఎక్కువగా శిక్షణ నిచ్చిన కుక్కలను వాడుచున్నారు.

ఈ శిలీంధ్రముల ప్రజాతికి ట్యూబర్ అని పేరు. ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశములలో ప్రసిద్ధమైన నల్ల ట్రఫుల్ ట్యూబర్ మెలనోస్పోరమ్ అను జాతి. ఇటలీలో అత్యధికమైన వెల పలుకు తెల్ల ట్రఫుల్ ట్యూబర్ మాగ్నాటమ్. వీటికంటె తక్కువ వెలగలదియు, ప్రయోగశాలలో పెంచుటకు సులభమైనదియు ట్యూబర్ బోర్కీ. హిమాలయ ప్రాంతమునుండి 1892లో వర్ణింపబడిన ట్యూబర్ ఇండికమ్ కూడ ఈ కుటుంబములోనిదే.

ట్రఫుల్ శిలీంధ్రము స్వతంత్రముగా బ్రదుకునది కాదు. దాని సన్నని తంతువులు ఓక్, హేజెల్ మున్నగు చెట్ల వేరుకొనలను తొడుగువలె కప్పి, వేరులోని కణముల నడుమ వ్యాపించును. శిలీంధ్రము చెట్టునకు నీటిని, ఖనిజ లవణములను అందించును. చెట్టు శిలీంధ్రమునకు చక్కెరల నిచ్చును. ఈ కూటమికి మైకోరైజా, అనగా శిలీంధ్రమూలము, అని పేరు. ఈ పేరును 1885లో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ పెట్టెను. ప్రష్యా ప్రభుత్వము ఆయనను కోరినది ట్రఫుల్‌ను సాగుచేయు మార్గము కనుగొనుమని. ఆయన కనుగొన్నది అంతకంటె విశాలమైన ప్రకృతి ధర్మము.

వేరునుండి గాని, ట్రఫుల్ కండనుండి గాని తంతువులను వేరుచేసి, పోషక పదార్థములు గల అగర్ యానకముపై పెంచుటను వర్ధనము అందురు. ఒక్క తునకనుండి పెరిగి, అటుపిమ్మట తునకలు తునకలుగా క్రొత్త పళ్ళెములకు మార్చబడుచు వచ్చిన సంతతియంతయు ఒక స్ట్రెయిను, అనగా ఒక వంశము. ఈ వంశములను గూర్చియే ఈ చర్చ.

పేరు నిశ్చయింపక పూర్వమే ప్రకటన

1903లో ఫ్రాన్సు దేశమున మాత్రుషో, బులాంజే అను ఇరువురు పరిశోధకులు వేరువేరుగా, ట్రఫుల్ సిద్ధబీజములను మొలకెత్తించి తంతువులను వర్ధనములో పెంచితిమని ప్రకటించిరి. ఎవరు ముందను వివాదము కూడ బయలుదేరెను. ట్రఫుల్ ఇక ప్రయోగశాలలో తయారగునను ఆశ పుట్టెను. కాని ఆ వర్ధనములు నిజముగా ట్రఫుల్‌వేనా యను సందేహము తరువాతివారిని విడువలేదు.

ఈ సందేహమునకు గట్టి కారణము కలదు. ట్రఫుల్ తంతువులు అగర్ పై అతి మందముగా పెరుగును. ఒక పళ్ళెమును నింపుటకు వారములు, నెలలు పట్టును. మట్టిలో పెరిగిన ట్రఫుల్‌ను ఎంత కడిగినను దాని మడతలలో ఇతర శిలీంధ్రముల సిద్ధబీజములు మిగిలియుండును. వానిలో ఒక్కటి మొలచినను అది కొలది దినములలోనే పళ్ళెమును ఆక్రమించును. అట్టి తరి పరిశోధకుడు చూచునది ట్రఫుల్‌ను కాదు, దాని ఇంట చొరబడిన అతిథిని. తెల్లని నూలుపోగులవంటి తంతువులను సూక్ష్మదర్శినితో చూచి పేరు చెప్పుట నిపుణులకు సైతము కష్టము.

1903 నాటి పరిశోధకులను ఈ విషయమున నిందించుట న్యాయము కాదు. తంతువుల పేరు తేల్చు సాధనము వారి చేతిలో లేదు. వారిలో విమర్శింపదగినది వేరొకటి: వర్ధనమును తిరిగి చెట్టు వేరునకు చేర్చి, ట్రఫుల్‌కు సహజమైన శిలీంధ్రమూలము ఏర్పడినదని చూపక పూర్వమే ఆ పేరును వాడిరి. ఆ పరీక్ష యూరపులో 1960 దశకమున గాని సరిగా సాగలేదు. 1967లో ఇటలీ పరిశోధకురాలు ఫోంతానా ఒక ట్రఫుల్ జాతితో పైను మొక్క వేరుపై శిలీంధ్రమూలమును ప్రయోగపూర్వకముగా సృష్టించెను. నేడు డి.ఎన్.ఏ. పరీక్ష తంతువుల జాతిని నిస్సందేహముగా తేల్చగలదు. 2002లో ఇటలీ పరిశోధకులు పెక్కు ట్యూబర్ జాతుల శుద్ధ వర్ధనములను రూపలక్షణముల చేతను, డి.ఎన్.ఏ. చేతను కలిపి పరీక్షించి ప్రకటించిరి. రూపము, జన్యువు రెండును ఒకే మాట చెప్పిన పిదపనే పేరు పెట్టుట సరియైన క్రమము.

పేరును పట్టించుకొనక పోయినచో ఏమగునో 2008లో తెలియవచ్చెను. ఇటలీలో నల్ల ట్రఫుల్ తోటగా నాటబడిన ఒక తోటలోని వేళ్ళపైన, మట్టిలోను ట్యూబర్ ఇండికమ్ కనబడినది. పైకి రెండు జాతులును దాదాపు ఒకే తీరుగ నుండును. అంగడిలో మాత్రము వాని వెలలో ఎంతయో అంతరము కలదు.

అంటు మామిడి, టెంక మామిడి

జాతి పేరు తేలినంత మాత్రమున పని ముగియదు. అసలు చిక్కు అక్కడనే మొదలగును.

సిద్ధబీజము టెంకవంటిది. టెంకనుండి మొలచిన మొక్కలో తల్లిదండ్రుల గుణములు క్రొత్తగా కలియును. ఒకే చెట్టు టెంకలనుండి మొలచిన రెండు మొక్కలు ఒకే తీరుగ నుండవు. ట్రఫుల్ సిద్ధబీజములును అట్టివే. వర్ధనములోని స్ట్రెయిను అంటువంటిది. అంటు కట్టిన ప్రతి మొక్కయు మూలవృక్షమునకు ప్రతిరూపము. ఒక స్ట్రెయినును నూరు పళ్ళెములకు మార్చినను ఆ నూరును ఒకే జీవి.

ఒక వంశమునకును మరియొక వంశమునకును గల అంతరము ఎంత పెద్దదిగా నుండగలదో పెనిసిలిన్ చరిత్ర చూపినది. 1928లో ఫ్లెమింగ్ గుర్తించిన పెనిసిలియమ్ వంశము ద్రవములో ముంచి పెంచినపుడు మందును అత్యల్పముగా మాత్రమే ఇచ్చెను. 1943లో అమెరికాలోని పియోరియా నగరమున ఒక ఖర్బూజపండుపై దొరికిన వంశము అదే పద్ధతిలో ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చెను. ఫ్లెమింగ్ వంశమును మాత్రమే చూచినవాడు ఈ బూజు పెద్ద తొట్లలో మందు నీయదని శాస్త్రోక్తముగా నిరూపించియుండును. అతని కొలతలు సరియైనవే. అతని నిర్ణయము మాత్రము తప్పు.

ట్రఫుల్ వర్ధనముల విషయమున ఇదే తప్పు ఎట్లు దొర్లునో ఒక ఊహాప్రయోగముతో తెలిసికొనవచ్చును. ఒక విద్యార్థి బోర్కీ జాతినుండి ఒక స్ట్రెయినును, వేరొక జాతినుండి ఒక స్ట్రెయినును తీసికొని, ఒక్కొక్కదానిని పది పళ్ళెములలో పెంచెననుకొనుడు. మొదటిది వేగముగాను, రెండవది మందముగాను పెరిగినది. ఇరువది పళ్ళెములను ఓపికతో కొలిచి, “బోర్కీ జాతి రెండవ జాతికంటె వేగముగా పెరుగును” అని వ్రాసెను. చూచుటకు ఇరువది కొలతలు. నిజమునకు అతడు చూచినవి రెండు వంశములు. పది పళ్ళెములు కొలతలోని పొరపాటును తగ్గించును గాని, జాతిలోని భేదమును చూపజాలవు. ఒకే చెట్టునుండి పది కాయలు కోసి తిన్నవాడు పది రకముల మామిడిని రుచిచూచినట్లు కాదు. ఒక్కొక్క జాతినుండి ఐదు స్ట్రెయినులను తీసికొని, ఒక్కొక్కదానిని రెండేసి పళ్ళెములలో పెంచినచో పళ్ళెముల సంఖ్య మారదు; జవాబు విలువ మాత్రము ఎంతయో పెరుగును.

“అత్యల్ప భేదము” అను తీర్పు

ఈ దృష్టితో చూచినపుడు 1998లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక చిన్న వ్యాసము విమర్శకు మిక్కిలి తగినది. ట్రఫుల్‌లలో భేదము అత్యల్పమని దాని శీర్షికయే చాటినది. ఫ్రెంచి పరిశోధకుడు బెర్తో, ఆయన సహచరులు వేరువేరు ప్రాంతముల నల్ల ట్రఫుల్‌ల డి.ఎన్.ఏ.ను కొన్ని గుర్తుల సహాయమున పరీక్షించిరి. భేదము చాల కొద్దిగా కనబడెను. మంచుయుగమున ఈ జాతి దాదాపు నశించి, మిగిలిన కొలది వంశములనుండి తిరిగి వ్యాపించుటయే కారణమని వారు తలచిరి. ఒక ప్రాంతపు ట్రఫుల్ మరియొక ప్రాంతపు ట్రఫుల్‌కంటె రుచిలో మేలని వాడుక కలదు గదా; ఆ తేడా నేలది, వాతావరణముది అయియుండవలెను గాని వంశముది కాదని ఆ ఫలితము సూచించెను. పైగా ఏ ట్రఫుల్‌ను పరీక్షించినను ఒక్కొక్క గుర్తుకు ఒక్క రూపమే కనబడుటచేత, ఈ శిలీంధ్రము తనతో తానే సంయోగము చెందునను అభిప్రాయము బలపడెను.

వారి కొలతలు తప్పని ఎవరును అనలేదు. తప్పినది కొలతకును నిర్ణయమునకును నడుమనున్న మెట్టు. ట్రఫుల్ కండ తల్లి తంతువుల చేత నిర్మింపబడినది. తండ్రి వంశపు భాగము సిద్ధబీజములలో మాత్రమే దాగియుండును. సిద్ధబీజముల గోడలు మిక్కిలి గట్టివి. సామాన్య పద్ధతులలో వానినుండి డి.ఎన్.ఏ. వెలువడదు. కావున ట్రఫుల్‌ను నలిపి పరీక్షించినవారు ప్రతి పర్యాయమును తల్లిని మాత్రమే చూచిరి. తల్లి కండలో ప్రతి క్రోమోజోము ఒక్కటిగనే యుండును. కావున ఒక్క రూపమే కనబడుట సహజము. పెండ్లియింట పెండ్లికూతురిని మాత్రమే చూచి, వరుడు లేడని చెప్పినట్లాయెను.

2006లో ఇటలీలోని పెరూజా పరిశోధకులు తెల్ల ట్రఫుల్ విషయమున సిద్ధబీజములను వేరుగా పగులగొట్టి పరీక్షించిరి. కండలో లేని రూపములు సిద్ధబీజములలో కనబడినవి. తండ్రి దొరికెను. 2008లో నల్ల ట్రఫుల్ విషయమునను అదే రుజువైనది. అప్పటికే 2004లో వేరొక డి.ఎన్.ఏ. భాగమును పరీక్షించినవారు నల్ల ట్రఫుల్‌లో ప్రాంతీయ భేదములు కలవని చూపియుండిరి. 2015లో పరిశోధకులు వేరువేరు ప్రాంతముల కొలది వంశముల జన్యుపదార్థము నంతను చదివి పోల్చగా, ఒక్క అక్షరము చొప్పున మారిన స్థానములు నాలుగు లక్షలకు పైగా తేలినవి. “అత్యల్పము” అను మాట కొన్ని గుర్తులకు మాత్రమే చెల్లునుగాని జాతికి చెల్లదు.

భేదములున్నంత మాత్రమున రుచి, వాసనలలోని తేడా యంతయు వంశముదేనని చెప్పరాదు. అది మరియొక తొందరపాటు. 2012లో వేసవి ట్రఫుల్‌పై జరిగిన పరిశోధనలో, వాసననిచ్చు కొన్ని ఆవిరి పదార్థముల మోతాదు ట్రఫుల్ వంశమును బట్టి మారుచున్నదని తేలెను. 2015లో బోర్కీ జాతిపై జరిగిన పరిశోధనలో, వాసనలోని మరికొన్ని పదార్థములు ట్రఫుల్ లోపల నివసించు బాక్టీరియాల వలన పుట్టుచున్నవని తేలెను. వంశము, సహవాసము రెండును పనిచేయుచున్నవి. ఒకదానిని చూపి రెండవదానిని కొట్టివేయుట ఏ పక్షమునకును తగదు.

పూర్తి గ్రంథములో సగము కథ

2010లో నల్ల ట్రఫుల్ జన్యుపదార్థము మొత్తము చదువబడి నేచర్ పత్రికలో ప్రకటింపబడెను. అది నిజముగా గొప్ప కార్యము. దాదాపు 12.5 కోట్ల అక్షరములు. సుమారు 7,500 జన్యువులు. మొత్తములో సగముకంటె ఎక్కువ భాగము ఒక చోటినుండి మరియొక చోటికి దుముకు డి.ఎన్.ఏ. ఖండములు. ఈ పనికి ఎన్నుకొనబడినది మెల్ 28 అను ఒక స్ట్రెయిను.

నల్ల ట్రఫుల్‌లో సంయోగ రూపములు రెండు. ఒక వంశములో వానిలో ఒకటియే యుండును. రెండవ రూపము గల వంశముతో కలిసినపుడే ట్రఫుల్ ఏర్పడును. మెల్ 28లో నున్నది ఒక రూపము మాత్రమే. రెండవ రూపపు జన్యువును 2011లో వేరు స్ట్రెయినులనుండి వెదకి తీయవలసి వచ్చెను. అనగా ఎంత సంపూర్ణముగా చదివినను, ఆ ఒక్క స్ట్రెయినులో జాతియొక్క సంయోగరహస్యములో సగము లేనే లేదు. పరిశోధకులు ఈ సంగతిని దాచలేదు. వారే దానిని గ్రహించి రెండవ సగమును వెదకిరి. కాని వార్తలలోను, పాఠములలోను “ట్రఫుల్ జన్యుపదార్థము” అని చెప్పుటయే గాని “ఒక ట్రఫుల్ వంశపు జన్యుపదార్థము” అని చెప్పువారు అరుదు. ఆ చిన్న మాటను విడుచుటలోనే పెద్ద అపోహకు బీజము కలదు.

ఇందుండి వర్ధనమునకు సంబంధించిన ముఖ్య ఫలితము ఒకటి వచ్చును. ట్రఫుల్ కండనుండి తీసిన స్ట్రెయిను తల్లి వంశమే గనుక దానిలో ఒక్క సంయోగ రూపమే యుండును. దానిని మాత్రమే వేళ్ళకు పట్టించి ఎన్ని మొక్కలు నాటినను, రెండవ రూపము ఎక్కడినుండియైన చేరనిదే పంట రాదు.

పళ్ళెములో కనబడు భేదమునకు కారణము లేవి?

ఒకే జాతికి చెందిన రెండు స్ట్రెయినులు వర్ధనములో వేరుగా కనబడినవనుకొనుడు. ఒకటి దట్టముగాను, రెండవది పలుచగాను పెరిగినది. ఒకదాని తంతువులు ఎక్కువగా శాఖలు వేసినవి. ఇవి వంశభేదములే యని వెంటనే చెప్పవచ్చునా? చెప్పరాదు. అట్టి తేడాకు కనీసము నాలుగు కారణము లుండగలవు.

మొదటిది వంశము. రెండవది యానకము. చక్కెర ఎక్కువగా నున్న అగర్ పై దట్టముగా పెరిగినదే, పోషకములు తక్కువగా నున్న అగర్ పై పలుచగా వ్యాపించును. ఒక యానకముపై ముందున్న స్ట్రెయిను మరియొక యానకముపై వెనుకబడవచ్చును. ఒకే యానకముతో జరిపిన పోటీలో గెలిచినదానిని “మేలైన వంశము” అనుట, ఒకే నేలలో ఒకే ఏట పండించి వరి రకమును మెచ్చుకొనుటవంటిది.

మూడవది వర్ధనము వయస్సు. తంతువులను ఏండ్ల తరబడి పళ్ళెమునుండి పళ్ళెమునకు మార్చుచు పోయినచో, పెక్కు శిలీంధ్రములలో గుణములు సడలును. అగర్ పై బ్రదుకుటకు అలవాటుపడిన తంతువు వేరును పట్టు శక్తిని కోల్పోవచ్చును. నిన్న వేరుచేసిన స్ట్రెయినును, పదునైదేండ్ల క్రిందట వేరుచేసిన స్ట్రెయినును ప్రక్కప్రక్కన ఉంచి పోల్చినవారు వంశమును కొలుచుచున్నారో, వయస్సును కొలుచుచున్నారో చెప్పుట కష్టము. ఈ కారణము చేతనే బోర్కీ తంతువులను అతిశీతల స్థితిలో నిలువచేయు పద్ధతులు రూపొందింపబడినవి.

నాలుగవది అందరిని ఆశ్చర్యపరచినది. 2000లో ఇటలీ పరిశోధకులు, శుద్ధమని భావింపబడిన బోర్కీ వర్ధనములలోని తంతువులతో కలిసి జీవించుచున్న ఒక బాక్టీరియమును కనుగొనిరి. సామాన్య పద్ధతులలో అది విడిగా పెరుగదు గనుక అంతవరకు ఎవరి కంటను పడలేదు. “శుద్ధ వర్ధనము” అను మాటలోని శుద్ధత పరిశోధకుని చూపునకు ఉన్నంత వరకే అని దీనివలన తెలియుచున్నది. రెండు స్ట్రెయినుల నడుమ కనబడిన భేదము కొంతవరకు వానిలోని అతిథుల భేదమై యుండవచ్చును.

కావున న్యాయమైన పరీక్షకు ఈ నియమములు అవసరము. స్ట్రెయినుల జాతి డి.ఎన్.ఏ. చేత తేలియుండవలెను. అవి వేరువేరు ప్రాంతములనుండి, రెండు సంయోగ రూపములనుండి తీసినవై యుండవలెను. వానిని వేరుచేసిన సంవత్సరము, మార్పిడుల సంఖ్య తెలుపవలెను. ఒకటికంటె ఎక్కువ యానకములపై, ఒకే ఉష్ణోగ్రతలో పెంచవలెను. లెక్క కట్టునపుడు పళ్ళెములను గాక వంశములను లెక్కింపవలెను. ఈ నియమములలో ఏ ఒక్కటియు క్రొత్తది కాదు. వ్యవసాయ క్షేత్రములలో విత్తనముల పరీక్షకు ఇట్టివే నియమములు వాడుకలో నున్నవి.

పళ్ళెమునుండి పొలమునకు

ట్రఫుల్ మొక్కలను తయారుచేయువారు వేళ్ళకు సాధారణముగా సిద్ధబీజముల ద్రవమునే పట్టింతురు. అనగా టెంకలు నాటుదురు. ఒక్కొక్క మొక్కపై ఏ వంశము నిలుచునో ముందుగా చెప్పలేరు. 2011లో ఇటలీలో జరిగిన పరిశోధన ఇంకొక చిక్కును బయటపెట్టెను. నారుమొక్క వేళ్ళపై మొదట పెక్కు వంశము లుండును. కాలము గడచుకొలది ఒక వంశము మిగిలినవానిని తొలగించి తానే వ్యాపించును. పొలములో సైతము ఒక్కొక్క చెట్టు చుట్టును ఒకే సంయోగ రూపము గుంపుగా నుండుట కనబడినది. ప్రక్కచెట్టు చుట్టును అదే రూపము నిలిచినచో రైతు నిరీక్షణ పెరుగును.

ఇంతలో 2012లో వెలువడిన మరియొక పరిశోధన, నల్ల ట్రఫుల్ వంశములు ఒకదానినొకటి త్రోసిపుచ్చుటకు ఇతర శిలీంధ్రములలో ప్రసిద్ధమైన తంతు వైరుధ్యము కారణము కాదని తేల్చెను. పొలములో ఒకదాని కొకటి చోటీయని వంశములు వర్ధనములో ఆ వైరమును చూపవు. పళ్ళెము పొలమునకు ప్రతినిధి కాదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

2016లో యోట్టి, జాంబొనెల్లి మున్నగువారు ప్రకటించిన ఫలితము ఈ చరిత్రలో ఒక మైలురాయి. వారు బోర్కీ స్ట్రెయినుల శుద్ధ వర్ధనములతో మొక్కల వేళ్ళకు శిలీంధ్రమును పట్టించి, తోట వేసి, ట్రఫుల్‌లను పండించిరి. 1903 నాటి ఆశ నూరేండ్లు దాటిన పిదప ఫలించెను. సిద్ధబీజములతో వచ్చు రోగకారకములు, కలుపు శిలీంధ్రములు ఈ పద్ధతిలో రావు. నేలకు, వాతావరణమునకు తగిన వంశమును ఎన్నుకొనుటకు వీలు కలుగును. మామిడిలో అంటు కట్టుట వలన కలిగిన మేలు ట్రఫుల్‌లో కలుగుటకు ఇది తొలిమెట్టు.

ఈ వ్యాసమున ప్రశంసింపదగిన గుణము మరియొకటి కలదు. వేరువేరు స్ట్రెయినులు తోటలో వేరువేరు భాగములలో నుండగా, వాని నడుమ సంయోగ మెట్లు జరిగెనను ప్రశ్నను రచయితలు తామే లేవనెత్తి, జవాబు తేలలేదని ఒప్పుకొనిరి. ఏ స్ట్రెయిను ఎక్కడ నున్నదో లెక్క ఉంచిరి గనుకనే ఆ ప్రశ్న పుట్టినది. అన్నింటిని కలిపి “బోర్కీ వర్ధనము” అని వ్రాసియున్నచో పంట కనబడియుండును, ప్రశ్న కనబడియుండదు.

ఐనను ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. బోర్కీ జాతి వర్ధనములో లొంగునది. నల్ల ట్రఫుల్ మందముగా పెరుగును; తెల్ల ట్రఫుల్‌ను పెంచుట మిక్కిలి కష్టము. బోర్కీలో జరిగినది రేపు తక్కిన జాతులలోను జరుగునని చెప్పువారు, ఒక వంశమును చూచి జాతిని నిర్ణయించినవారి పొరపాటునే ఒక మెట్టు పైన చేయుచున్నారు. ఒక జాతిని చూచి ప్రజాతిని నిర్ణయించుట దాని పేరు.

తరగతిలో

ఉన్నత పాఠశాలలో ట్రఫుల్‌ను తెచ్చి చూపుట సాధ్యము కాదు. ఈ వివేకమును బోధించుటకు అది అవసరమును కాదు. తడిపిన రొట్టెముక్కలను మూతగల గాజుపాత్రలలో నుంచి, వాని మూతలు తెరువకయే బూజును పరిశీలింపవచ్చును. ఒకే గదిలో నుంచిన పాత్రలలో ఒకటి నల్లగాను, ఒకటి పచ్చగాను మారినపుడు, ఇది జాతిభేదమా, వంశభేదమా, తేమలోని భేదమా యని విద్యార్థులచేత ప్రశ్న వేయించుట మంచిది. జవాబు వెంటనే దొరకదు. ఏ పరీక్ష చేసిన ఏ జవాబు తేలునో వారు చెప్పగలిగినచో పాఠము ఫలించినట్లే. ఒకే చెట్టు మామిడి టెంకలను పది నాటి, మొలకలను వరుసగా కొలిపించుట మరియొక మార్గము.

ట్రఫుల్ పరిశోధన చరిత్రలో కొలతలు తప్పిన సందర్భములు తక్కువ; కొలిచినదాని పేరు సరిగా చెప్పని సందర్భములు ఎక్కువ. 1903లో జాతి పేరు తేలలేదు. 1998లో తల్లిని కొలిచి తల్లిదండ్రులను గూర్చి తీర్పు చెప్పబడెను. 2010లో ఒక వంశపు గ్రంథమునకు జాతి పేరు పెట్టబడెను. ప్రతి పర్యాయమును తప్పును దిద్దినవారు చేసిన పని ఒక్కటే: ఇంకొక స్ట్రెయినును, ఇంకొక భాగమును, ఇంకొక పొలమును పరీక్షించిరి.

ఒక శిలీంధ్రము ఇట్లు పెరుగునని చదివిన విద్యార్థి, ఏ వంశము, ఎన్ని వంశములు, ఏ యానకముపై అని అడుగుట నేర్చుకొనవలెను. ఆ మూడు ప్రశ్నలకు జవాబు లేని వాక్యము అబద్ధము కానక్కరలేదు. కాని దానిని నమ్మి పొలములో మొక్క నాటువాడు మాత్రము పది సంవత్సరములు ఆలోచించుకొనవలసి వచ్చును.